పెరుగుకు కప్పిన శాలువా

మార్గశిరం మాటల పొద్దు, పుష్యం పూసగుచ్చే పొద్దు అన్నారు పెద్దలు. అన్నవాళ్లకేం, అనేసి దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంటారు. ఆ పూసంత పొద్దులోనే వంటా, పాలూ, పేడా, ఉతుకులూ అన్నీ ముగించుకోవాల్సిన వరహాలమ్మనడగండి, అసలు సంగతి చెబుతుంది.

కొండ కింద ఊరది. అక్కడ చలికి కొబ్బరినూనె సీసాలోంచి బయటికి రానంటుంది. ఉతికిన చీర మూడో రోజుకీ చెమ్మ వదలదు. వేన్నీళ్లు బకెట్లో పోసి తువ్వాలు కోసం వెళ్లొస్తే చన్నీళ్లవుతాయి. ఇవన్నీ వరహాలమ్మ పళ్లబిగువున ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది ఒక్కటే. తోడేసిన పాలు తోడుకోవడం లేదు!

తోడుకోకపోతే ఏమవుతుందంటారా? ఆ ఇంట్లో పైడయ్య తాత ఉన్నాడు, వరహాలమ్మకు మావగారు. ఆయనకు నోట్లో ఒక్క పన్నూ లేదు. గట్టి పెరుగు కలిపిన మెత్తటి అన్నం పడకపోతే ఆ రోజు ఆయన భోజనం చేసినట్టు కాదు, ఇంట్లో మిగతావాళ్లని చెయ్యనిచ్చినట్టూ కాదు.

"నీ చేతి మహిమకి పాలు కూడా జడిసి నీళ్లయిపోతున్నాయే కోడలా!" అంటాడు.

దాంతో వరహాలమ్మకు పంతం వచ్చింది. మొదటి రోజు పెరుగు కుండను బియ్యం డబ్బాలో పెట్టింది. తోడుకోలేదు. రెండో రోజు వంటింటి పొయ్యి పక్కకు చేర్చింది. సగం తోడుకుంది, సగం వెక్కిరించింది. మూడో రోజు తాత మంచం మీదున్న ఉన్ని శాలువా లాగేసి కుండకు చుట్టబెట్టి పైన ముడేసింది.

"ఓసి నీ తెలివి తగలెయ్య! ఈ ఇంట్లో పెరుగుకున్న పాటి విలువ నాకు లేకపోయిందా?"

"మీకెంత కప్పినా గట్టిపడతారా మావయ్యా? అదైతే గట్టిపడుతుంది" అని ఆవిడ శాలువా ముడి ఇంకాస్త బిగించింది.

అయినా పెరుగు పూర్తిగా గట్టిపడలేదు. నాలుగో రోజు సాయంత్రం ఆవిడ కన్ను పెరట్లో ఉన్న కోళ్ల గంప మీద పడింది. అక్కడ మొదలైంది సూరమ్మ కష్టం.

సూరమ్మ అంటే ఆ ఇంటి కోడిపెట్ట. పన్నెండు రోజుల పిల్లలు ఏడుగురు దానికి. దట్టంగా అల్లిన గంప, లోపల మెత్తటి గడ్డి, రాత్రయితే పైన బరువుకో రాయి. ఆ గంప కింద ఏడు పిల్లల్నీ రెక్కల్లో పొదువుకుంటే చలీ తెలియదు, భయమూ తెలియదు. ఆ గంపను వరహాలమ్మ గడ్డితో సహా వంటింటి పొయ్యి పక్కకు ఎత్తుకెళ్లి, అందులో శాలువా చుట్టిన పెరుగు కుండను కూర్చోబెట్టింది. కోడికి మాత్రం అటక మీది పాత గంప దింపి బోర్లించింది. దానికి ఓ పక్క చిల్లు. చిన్నా చితకా చిల్లు కాదు, ముఖం పెట్టి పలకరించేంత చిల్లు.

"చూశావా కోటయ్య మావా," అంది సూరమ్మ చిల్లులోంచి, పక్కనే కట్టేసి ఉన్న ముసలి ఎద్దుతో. "ఊపిరున్న పిల్లల్ని బయట పడేసి, ఊపిరి లేని కుండకు పక్క వేశారు!"

కోటయ్య ఆ ఇంట్లో పద్నాలుగేళ్లు నాగలి లాగింది. దాని వీపు మీద చలికి కప్పిన గోనెపట్టా ఒకటుంది, అదీ సగానికి చిరిగింది. అది నెమరు ఆపి అంది, "పద్నాలుగేళ్లు లాగితే నాకు గోనెపట్టా. రాత్రికి రాత్రి గట్టిపడితే దానికి శాలువా. లోకం తీరంతేనమ్మా."

"నక్క వస్తే నా గతేం కాను?"

"సింహాద్రి ఉన్నాడుగా" అంది ఎద్దు. అని, తన మాటకు తనే కాస్త సిగ్గుపడి మళ్లీ నెమరు మొదలెట్టింది.

సింహాద్రి అంటే కాపలా కుక్క. కుక్కకు పనీ లేదు, తీరికా లేదంటారే, అది సింహాద్రిని చూసి అన్న మాటే. ఎండాకాలం వీధి అరుగు మీద కాపలా, చలికాలం పెరట్లో నీళ్లపొయ్యి బూడిదలో కాపలా. సాయంత్రం స్నానాల మంట ఆరీ ఆరగానే ఆ వెచ్చటి బూడిదలో దిగబడితే మర్నాడు పొయ్యి అంటించేదాకా లేవడు.

తెల్లారింది. తెల్లారిందంటే కాకులు చెప్పాలి గానీ కళ్లకు తెలియదు, అంత మంచు. వరహాలమ్మ చెంబు పట్టుకుని గేదె పాలు పితకడానికి పాకలోకి వెళ్లింది. పైడయ్య తాత వీధి అరుగు మీద గొంతుక్కూర్చుని, శాలువా లేని భుజాలు రుద్దుకుంటూ, సూర్యుణ్ణి తిడుతున్నాడు. గంప ఎత్తి కోళ్లను వదిలేవాళ్లు ఇంకా రాలేదు.

అప్పుడు చిల్లులో చీకటి పడింది. చూస్తే ముక్కు. తడి ముక్కు.

"ఏమ్మా సూరమ్మా, కులాసానా?"

సూరమ్మ ఆ గొంతు గుర్తుపట్టింది. జంబయ్య! కొండమీది నక్క. మంచు పడితే చాలు, పట్టపగలే ఊళ్లో తిరుగుతాడు. ఏడుగురు పిల్లలూ ఒక్కసారి రెక్కల కిందికి దూరి కిచకిచలాడారు.

"సింహాద్రీ! ఒరే సింహాద్రీ! నక్కరా!" అని గొంతు చించుకుంది.

బూడిదలోంచి ఒక కన్ను తెరుచుకుంది. "ఎక్కడ?"

"ఇక్కడే, గంప దగ్గర!"

"నాకేం కనబడ్డం లేదే! అంతా మంచు. కనబడందే మొరగమంటావా? ఉత్తుత్తి మొరుగుడు మా వంశంలో లేదమ్మా. మంచు విడవనీ, వచ్చి చూస్తాను." కన్ను మూసుకుంది.

జంబయ్య నవ్వాడు. "నీతిగల కుక్క. ఇలాంటివాళ్లు ఊరికొకరుంటే మావంటివాళ్ల పిల్లలు చల్లగా బతుకుతారు. ఏదీ, గంప కాస్త పక్కకు తొయ్యనా, నువ్వే బయటికొస్తావా?"

సూరమ్మకు ఏడుపొచ్చింది. గంప పోయినప్పటి కోపమూ వచ్చింది. నిన్నటి నుంచీ కడుపులో ఉడుకుతున్న ఆ కోపమే దానికి మాట అందించింది.

"తిను బావా, తిను. బయట పడేసిన బతుకులు మావి. ఈకలు తీస్తే నాలో మిగిలేది ఎముకలే. ఇంట్లో పొయ్యి పక్కన శాలువా కప్పుకుని పడుకున్నదాన్ని ఎవరూ ఏమీ అనరు గదా!"

నక్క ముక్కు ఆగింది. "శాలువానా? ఎవరికి?"

"ఎవరికైతే నీకెందుకులే. నా గంపలోనే, నా గడ్డి మీదే పడుకోబెట్టారు. తాత శాలువా లాగి మరీ కప్పారు."

"తాత కంటే ఎక్కువా? బాగా బలిసిందా?"

"మొన్న పలచగా ఉందని వరహాలమ్మ అన్నం కూడా సరిగా తినలేదు. నిన్నటికి కొంచెం నయం. ఇవాళ గట్టిపడకపోతే చూస్కోమంది."

జంబయ్య చిల్లులోంచి ముక్కు తీసి కన్ను పెట్టాడు. "రంగేమిటి?"

"తెలుపు. మల్లెపువ్వు దాని ముందు దిగదుడుపు."

"కొవ్వుంటుందా?"

"నాకు తెలిసింది చెబుతాను. లోపల వెన్నుందని ఇంటిల్లిపాదీ అంటారు."

"ఎముకలూ?"

"మందుకు కూడా ఉండవు బావా. పళ్లు లేని తాత రోజూ అదే కావాలంటాడు."

జంబయ్య గుటక వేశాడు. అయినా నక్క నక్కే. "అరిస్తే? కరిస్తే?"

"ఇన్ని రోజుల్లో దాని నోట ఒక్క మాట వినలేదు. పళ్లున్నట్టు కూడా ఎవరూ చెప్పలేదు. 'కదపకండి, కదిపితే పాడవుతుంది' అని వరహాలమ్మ అందర్నీ తిడుతుంది. కదపకపోతే అది కదలదు."

"నువ్వు ప్రాణం కోసం కథలల్లుతున్నావు" అన్నాడు జంబయ్య. అని ఎద్దు వైపు తిరిగాడు. "కోటయ్యా, నువ్వు పెద్దవాడివి. ఎద్దు అబద్ధమాడదని మా కొండ మీద కూడా అంటారు. ఈవిడ చెప్పేది నిజమేనా?"

కోటయ్య నెమరు ఆపింది. ఎద్దు ఆలోచిస్తే ఆలస్యం, మాట్లాడితే నిజం. 'అది పెరుగయ్యా' అని అనేస్తే అయిపోయింది!

"గంప ఇచ్చింది నిజం. శాలువా కప్పింది నిజం. తెలుపన్నదీ నిజమే" అంది ఎద్దు నెమ్మదిగా, ఒక్కొక్కటీ నమిలి. "ఈ ఇంట్లో దానికున్న మర్యాద నాకు లేదు. అదీ నిజమే. ఇంతకంటే నన్నేం అడక్కు."

అంతకంటే అడగలేదు జంబయ్య. తంతే బూరెలబుట్టలో పడ్డానని మురిసిపోయాడు. "ముందు దాన్ని చూసొస్తా. నువ్వూ నీ పిల్లలూ మధ్యాహ్నానికి. ఎక్కడికీ వెళ్లకు."

"ఏడుగురు పిల్లల తల్లిని, గంప కింద ఉన్నదాన్ని, ఎక్కడికి పోతాను బావా? నువ్వే తొందరపడు. వరహాలమ్మ పాలు పితికి వచ్చేస్తుంది. వంటింటి పెరటి తలుపు తోస్తే వస్తుంది, గడియ ఊడి పది రోజులైంది."

నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. ఆ పూట నక్క ఎవరి తోక తొక్కి బయల్దేరిందో గానీ, నేరుగా వంటింట్లోకి దూరింది. సూరమ్మ పిల్లల్ని రెక్కల్లో అదుముకుని చిల్లుకు కన్ను ఆనించింది.

వంటింట్లో పొయ్యి పక్కన గంప. గంపలో గడ్డి. గడ్డి మీద ఉన్ని శాలువాలో గుండ్రంగా, బొద్దుగా, కదలకుండా ఆ ముద్దుబిడ్డ! జంబయ్యకు చొంగ కారింది. నక్కలకు అలవాటైన పనే, ముందు పీక పట్టుకోవాలి. ముడి దగ్గర పీక అనుకుని గట్టిగా కొరికాడు. పళ్లకు రాయిలాంటిది తగిలింది. "ఎముకల్లేవందే, తల మటుకు గట్టిదే!" అనుకున్నాడు. శాలువా ముడి నోట కరచుకుని ఈడ్చాడు. గంప దాటించాడు. గడప దాటించాడు. పెరట్లోకి దూకాడు. మంచులో రుబ్బురోలు కనబడలేదు.

ఠప్పుమంది.

శాలువాలోంచి తెల్లగా, చల్లగా, సగం గట్టిపడీ సగం పడకుండా, కుండెడు పెరుగు జంబయ్య నెత్తి మీదుగా, చెవుల్లోంచి, మెడ మీదుగా కారింది. "ఇదేమిటి, దీని రక్తం తెల్లగా ఉందేమిటి?" అని కంగారుపడి వెనక్కి లాగబోతే తడిసిన ముడి కోరకు పట్టుకుని, శాలువా మెడకు చుట్టుకుంది.

చప్పుడుకు పాకలోంచి వరహాలమ్మ కేక పెట్టింది, "అయ్యో నా పెరుగు!"

అరుగు మీంచి తాత కేక పెట్టాడు, "అయ్యో నా శాలువా!"

గంప కింద తల్లీ ఏడుగురు పిల్లలూ ఉన్నారు. "అయ్యో నా కోడి" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. సూరమ్మ ఆ మాట కోసం ఎదురుచూసింది, రాకపోయేసరికి ముక్కు విదిల్చింది.

చలికి లేవలేని తాత శాలువా గుర్తుకు రాగానే పాతికేళ్లవాడిలా వచ్చాడు. మంచులో ఎవరో తెల్లటి మొహంతో తన శాలువా కప్పుకుని పోతున్నారు. ఇంకేం చూడలేదు. చేతికర్ర తిప్పి వీపున రెండు, నడ్డిన ఒకటి అంటించాడు. మూడో దెబ్బకు ముడి ఊడింది, ముడితో పాటు ఒక కోర పన్నూ ఊడింది. జంబయ్య కుయ్యోమంటూ గంప పక్కనుంచి కుంటుకుంటూ పరిగెత్తాడు.

"మోసం చేశావు కదే సూరమ్మా!"

"నా మాటల్లో అబద్ధం ఒక్కటి చూపించు బావా! తెల్లగా లేదా? వెన్న లేదా? ఎముకలున్నాయా?"

జవాబుగా మంచులోంచి ఒక తుమ్ము వినబడింది. తడిసిన ఒంటికి కొండగాలి తగిలితే మరేం వస్తుంది?

అప్పుడు లేచాడు సింహాద్రి. వెన్న వాసనకు మంచు అడ్డు రాదు గదా. రుబ్బురోలు దగ్గరికొచ్చి, పెంకుల మధ్య పెరుగు నాకుతూ, మధ్యమధ్య కొండకేసి తిరిగి, "దొంగా! నిలబడరా! తరిమేశానమ్మా, నేనే తరిమేశాను!" అని మొరిగాడు. సరిగ్గా అప్పుడే వరహాలమ్మ వచ్చింది. పగిలిన కుండ ఉంది. తెల్లటి మూతితో కుక్క ఉంది. ఇంకా సాక్ష్యం కావాలా? చేతికందిన చీపురుతో వాయించింది. నక్క అడుగులు చూసి తాత అసలు సంగతి చెప్పేలోపు సింహాద్రికి ఏడాది జీతం ముట్టింది.

చిల్లుగంప చుట్టూ ఉన్న నక్క అడుగుల్ని వరహాలమ్మ చూసింది. గంప ఎత్తి ఒకటీ రెండూ మూడూ అని పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఏడూ ఉన్నాయి. "నా తల్లే, ఎంత పని చేశాను!" అని సూరమ్మను ఒళ్లోకి తీసుకుంది. సూరమ్మ కాసేపు బెట్టు చేసింది గానీ, ఆ ఒడి వెచ్చగా ఉండటంతో ఊరుకుంది.

ఆ సాయంత్రం దట్టమైన గంప పెరట్లోకి, సూరమ్మ దగ్గరికి తిరిగొచ్చింది. శాలువా ఉతికి ఆరేశారు. అది ఆరడానికి మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ తాత దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొత్త పెరుగు కుండను మాత్రం వరహాలమ్మ తీసుకెళ్లి నీళ్లపొయ్యి వెచ్చటి బూడిదలో, సింహాద్రి రోజూ పడుకునే చోటే, మెడదాకా పాతిపెట్టింది. తెల్లారేసరికి చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా తోడుకుంది.

చోటు పోయిన సింహాద్రి చలికి నిద్రపట్టక తెల్లార్లూ పెరడంతా తిరుగుతూ మొరిగాడు. ఊరివాళ్లందరూ "ఆహా, ఎంత కాపలా!" అని మెచ్చుకున్నారు.

జంబయ్య సంగతా? ఇప్పటికీ కొండ మీద తెల్లటిది ఏది కనబడ్డా ముందు తుమ్ముతాడట.

అత్యాశపరుడికి అబద్ధం చెప్పక్కర్లేదు, నిజం చెప్పినా చాలు. మోసం వాడే కలుపుకుంటాడు.