ఉప్పు వేలిముద్ర

ఇదిగో వెన్నెలా, ముందే చెబుతున్నా. ఇది అబద్ధమనిపిస్తే ఇప్పుడే లేచి మీ అమ్మ పక్కలోకి పో. సగంలో ‘నిజంగానా అమ్మమ్మా’ అన్నావంటే నాకు కోపమొస్తుంది. నా కోపానికి ఓసారి సముద్రమే మూడడుగులు వెనక్కి జరిగింది, తెలుసా?

పోవా? అయితే దుప్పట్లోకి దూరు.

అనగనగా ఉప్పుమళ్ళ మధ్య ఒక ఊరు. నేను పుట్టిన ఊరు. ఎటు చూసినా తెల్లటి ఉప్పు కుప్పలే. ఊళ్ళో అందరి చేతులూ ఉప్పుకి పగిలి ఉండేవి, పిల్లలవి కూడా. ఆ ఊళ్ళో ఒంటిగది బడి. బడిలో ఒక ఇనప బీరువా. బీరువా నిండా పట్నం నుంచి ఎవరో పంపిన కథల పుస్తకాలు.

కానీ బీరువాకి తాళం! జగ్గారావు మాస్టారు మంచాయనే. ఆ తాళంచెవి మాత్రం మొలతాడుకి కట్టుకుని తిరిగేవారు. ‘మీ ఉప్పు చేతులు తగిలితే పుస్తకాలు పాడైపోతాయర్రా’ అనేవారు. మూడేళ్ళు ఒక్క పుస్తకం బయటికి రాలేదు. గోడ మీద రాసిన అక్షరాలే మా చదువు.

అప్పుడేమైందంటే, ఒక మిట్టమధ్యాహ్నం మాస్టారు కునుకు తీస్తుంటే బీరువాలోంచి గుసగుసలు. ‘ఎలకలే’ అన్నారు పిల్లలు. నేను వెళ్ళి తాళం కన్నానికి కన్ను ఆనించాను. లోపల్నుంచి ఒక నల్లటి చార కదిలి వస్తోంది. చీమలనుకున్నా. చీమలు కాదే! అక్షరాలు. ఒకదాని వెనక ఒకటి, తలలొంచుకుని, కన్నంలోంచి దిగి, గుమ్మం దాటి, ఉప్పుమళ్ళ వైపు వెళ్ళిపోతున్నాయి. అంత ఎండలోనూ వాటికి నీడ లేదు.

రెండో మధ్యాహ్నం గోడ మీది అక్షరాలూ వాటి వెనకే దిగిపోయాయి. ‘సున్నం రాలిందిలే’ అన్నారు మాస్టారు. కానీ మొలతాడు తడిమి తాళంచెవి ఉందో లేదో చూసుకున్నారు.

మూడో మధ్యాహ్నం, నా పక్కన కూర్చునే పోలమ్మ పలక మీద పేరు రాయబోయి ఆగిపోయింది. వాళ్ళింట్లో పేరు రాయడం వచ్చిన మొదటి మనిషి అదే. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

‘ఏటయ్యిందే పోలీ?’

‘నా పేరు నాకే గుర్తు రానేదే అసిరీ.’

అసిరి అంటే నేనే. దాని మొహంలోకి చూశాను కదా, నల్లగుడ్లు పలచబడుతున్నాయి. ఇంకాసేపుంటే అవీ ఆ చారలో కలిసి దిగిపోయేలా ఉన్నాయి.

అప్పుడు నేనేం చేశాననుకున్నావు? ఒక్క గెంతులో ముప్పై మంది పిల్లల్ని దాటాను. నిద్రలో ఉన్న మాస్టారి మొలతాడు పళ్ళతో కొరికి తాళంచెవి లాగాను. నలుగురు మగాళ్ళు కదపలేని ఇనప తలుపు చిటికెనవేలితో తీశాను!

ఒక పుస్తకం తెరిచాను, తెల్లగా ఉంది. ఇంకోటి, తెల్లగా ఉంది. అన్నీ అంతే. అట్టడుగు పుస్తకంలో చివరి పుట మీద ఒక్క వరస మిగిలింది. అదీ లేచి నడవబోతోంది.

బొటనవేలితో అదిమిపట్టాను. వేలి కింద గిలగిల్లాడింది.

‘వదులు,’ అంది, ఖాళీ కుండలో గాలిలాంటి గొంతుతో. ‘మూడేళ్ళు చీకట్లో ఉన్నాం. పలకరించేవాళ్ళు లేని ఇంట్లో ఎందుకుంటాం?’

‘నేను పలకరిస్తానుండు’ అని ఆ వరస కూడబలుక్కుని గట్టిగా చదివాను. ఆ తర్వాత వేలు తీస్తే వరస అక్కడే ఉంది, చుట్టూ తెల్లటి ఉప్పు మరకతో. ఉప్పు పట్టిస్తే చేప నెలల తరబడి నిలవుంటుంది కదా, అక్షరం నిలవుండదూ?

‘రండర్రా, చేతులు కడుక్కోకండి!’ అని ఒక్క కేక పెట్టాను. నా కేకకి మూడూళ్ళ అవతల కొబ్బరికాయలు రాలాయి. పిల్లలందరూ తలో పుస్తకం లాక్కుని, పుటపుటకీ వేలు నొక్కి, తెలిసిన అక్షరాలన్నిటినీ అరిచి పిలిచారు.

అప్పుడు ఉప్పుమళ్ళలో ఆ నల్లచార ఆగింది. వెనక్కి తిరిగింది. గుమ్మం దాటి, తడితడిగా పుటల్లోకి ఎక్కి కూర్చుంది. పోలమ్మ కళ్ళు నల్లబడ్డాయి. అది పలక మీద పేరు రాసుకుని, దాని మీద బొటనవేలు నొక్కింది.

మాస్టారు ఎప్పుడు లేచారో, అంతా చూశారు. తాళంచెవి తీసుకెళ్ళి ఉప్పుమడిలోకి విసిరేశారు. ఆ తర్వాత పుస్తకాలు ఇంటింటికీ తిరిగాయి. చిరిగాయి, చేపల వాసనేశాయి. ఒక్క అక్షరం పోలేదు.

సరేగానీ, నీ పుట్టినరోజుకిచ్చిన పుస్తకం ఆ గాజు అలమారాలో ఉందే, దాని కవరైనా విప్పావా?

ఉష్... చెవి పెట్టి విను.

ఆఁ. అదే గుసగుస.

లే, తెచ్చుకో. ఒక్క పుట చదివి పడుకుందాం. చేతులు కడుక్కోనక్కర్లేదు.

కథేమో కంచి దారి పట్టింది,
అక్షరం పుటలో గూడు కట్టింది,
నిద్రొచ్చి మనింటి తలుపు తట్టింది.

నమ్మలేదా? ఆ బడికి పక్కింట్లోనే నా నేస్తం ఇప్పటికీ ఉంటుంది, ఉప్పుకి పగిలిన ఆ బొటనవేలు చూపించమని అడుగు. దాని పేరు సూరాడ పోలమ్మ.