ఊరు లేని చోట ఊరు

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడదామంటే, ఈ కథలో ముందు ఊరే లేదే తల్లీ. ఉన్న ఊళ్ళన్నీ ఏరు మింగేసింది. అంత పెద్ద వరద.

అప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో ప్రాణాలు దక్కించుకుని ఒక మెట్ట ఎక్కారు. ఒక మూల కుండలు చేసేవాళ్ళు, ఒక మూల చేపలు పట్టేవాళ్ళు, ఒక మూల గొర్రెల వాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడు గుంపులు మూడు దిక్కులకు తిరిగి కూర్చున్నాయి.

కుండల వాళ్ళలో చుక్కమ్మ అని ఒకావిడ ఉంది. ఇల్లు పోయింది, కుండలు తిప్పే సారె పోయింది. నిప్పు కుండ ఒక్కటి మాత్రం కొంగు కింద దాచి, వానలో ఆరకుండా తెచ్చుకుంది. మెట్ట మొత్తం మీద నిప్పున్నది ఆ కుండలోనే.

పొద్దు వాలేసరికి చలి మొదలైంది. అటు గొర్రెల వాళ్ళ పిల్లలు వణుకుతున్నారు, ఇటు చేపల వాళ్ళ పిల్లలు ఏడుస్తున్నారు. చుక్కమ్మ కుండ పట్టుకుని లేచింది. వాళ్ళత్త వీరాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

"దీపాల వేళ నిప్పు బయటికిస్తారటే? మన లచ్చిమి పోతుంది."

"పోవడానికి ఇంకేం మిగిలింది అత్తా," అంది చుక్కమ్మ. అని, ముందు వాళ్ళ దగ్గర రెండు నిప్పులు, తర్వాత వీళ్ళ దగ్గర రెండు నిప్పులు పెట్టొచ్చింది. ఆ పూట మెట్ట మీద మూడు పొయ్యిలు వెలిగాయి. వీరాయి మాత్రం మూతి తిప్పుకునే పడుకుంది.

ఆ తర్వాత నీళ్ళ గొడవొచ్చింది. చుట్టూ వరద నీళ్ళే గానీ గొంతులో పోసుకునేందుకు పనికిరావు. మెట్ట పక్కన సన్నటి ఊట ఒక్కటే ఉంది. గొర్రెలు దిగి బురద చేశాయని చేపల పోలయ్య తెడ్డు ఎత్తాడు. గొర్రెల బీరప్ప కర్ర ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే పోలయ్య కూతురికి నొప్పులొచ్చాయి. చుక్కమ్మ పరుగున వచ్చి ఆ కర్రకీ తెడ్డుకీ మధ్యన నిలబడింది.

"పురిటికి నీళ్ళు కావాలి. అవి అందిన తర్వాత తన్నుకోండి."

బీరప్ప కర్ర కింద పడేశాడు. గొర్రెల్ని తోలేసి, ఊట తేరుకునేదాకా కూర్చుని, కుండ నింపి తనే మోసుకెళ్ళాడు. ఆడపిల్ల పుట్టింది. ఆ రోజు నుంచి మెట్ట మీద ఒక మాట నిలిచింది. నీళ్ళు ముందు బాలింతకి, ఆ తర్వాత మంచాన పడ్డవాళ్ళకి, ఆ తర్వాత వంతుల వారీగా అందరికీ. గొర్రెలకు కూడా వంతు పెట్టారులే.

ఏడాది గడిచింది. గుడిసెలు లేచాయి. అప్పుడు రాజుగారి అధికారి గుర్రమెక్కి వచ్చాడు.

"గుడి లేదు, చావడి లేదు, ఒక పెద్ద లేడు. ఇది ఊరు కాదు, గుంపు. లేచిపొండి. మెట్ట ఏనుగుల మేతకు కావాలి," అన్నాడు.

అందరూ తలలు దించుకున్నారు. చుక్కమ్మ ముందుకొచ్చింది.

"అయ్యా, గుంపుకొకర్ని విడివిడిగా పిలిచి, మీ ఇష్టమొచ్చింది అడగండి. ముగ్గురి మాటా ఒకటైతే ఊరు. కాకపోతే పోతాం."

అధికారి నవ్వి ఒప్పుకున్నాడు. ముందు పోలయ్యను దూరంగా తీసుకెళ్ళి అడిగాడు. "కరువొచ్చి ఒక్క ముద్దే మిగిలితే ఎవరికి పెడతారు?"

"పాలిచ్చే తల్లికండి," అన్నాడు పోలయ్య.

ఆ తర్వాత బీరప్పను అడిగాడు. "బాలింతకి. అది కూడా అడగాలా?" అన్నాడు బీరప్ప.

ఇక మూడో మనిషిగా వీరాయిని పిలిచాడు. చుక్కమ్మకి ఆ మొదటి రాత్రి గుర్తొచ్చింది. నిప్పే ఇవ్వనన్న మనిషి, ముద్ద ఇస్తానంటుందా?

వీరాయి కర్ర ఊనుకుంటూ వెళ్ళింది, మెల్లిగా చెప్పింది. "బాలింతకి పెడతాం నాయనా. ఎవరి బాలింత అని అడుగుతావేమో. ఎవరైతేనేం, మా బాలింతే."

అధికారి గుర్రం దిగాడు, తాటాకు తీశాడు.

"ఊరి పేరు చెప్పండి, రాసుకోవాలి."

పేరు సంగతి ఎవరికి తట్టింది గనక? అందరూ చుక్కమ్మ వైపు చూశారు. ఆవిడ కొంగు సర్దుకుని, తలెత్తి చెప్పింది. "పొత్తుమెట్ట అని రాయండి."

ఆ మరుసటి ఏడు వానల్లో ఎవరో మొగుడూ పెళ్ళాం, చంకలో బిడ్డతో, పొలిమేర దగ్గర తడుస్తూ నిలబడ్డారు. లోపలికి రావచ్చో లేదో వాళ్ళకు తెలీలేదు. చుక్కమ్మ ఎదురెళ్ళి బిడ్డను ఎత్తుకుంది.

"ఇది ఏ ఊరమ్మా?" అని అడిగింది ఆ తల్లి.

"మా ఊరు," అంది చుక్కమ్మ. ఒక్క అడుగు వేసి ఆగి, "మన ఊరు. రండి," అంది.

కథ నడిచె కంచికి,
కునుకు చేరె కంటికి,
పొత్తుమెట్టోళ్ళు పొయ్యికి,
మనమేమో మనింటికి.