తీగ పీకడానికి ఓడ కావాలి

మాఘ శుద్ధ దశమి శుక్రవారం, పొద్దెక్కి నాలుగు ఘడియలైంది. సముద్రం పక్కనే ముత్యాలరేవు అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో, నిండు కొలువులో, మా పూర్వీకులు కేదారయ్యగారు ఒక మాట జారారు. తిథీ వేళా మా అమ్మమ్మ చెప్పినవే. దేవుడి దగ్గర దీపం పెట్టి, ఒత్తి ఎగదోస్తూ చెప్పేది. తాగుడు కథ దీపం ముందు చెప్పొచ్చా అని ఎవరైనా అంటే, "ఇది తాగుడు కథ కాదమ్మా, నాలిక కథ. నాలిక దేవుడిచ్చిందే కదా" అనేది.

ఆ రాజ్యాన్ని ఏలేవారు ఉద్దండరాయలు. పడమటి దేశాల నుంచి ఓడల మీద వచ్చే ఎర్ర ద్రాక్షాసవం అంటే రాజుగారికి మహా మక్కువ. మక్కువ ఉంటే ఫరవాలేదు, దానికి మడీ ఆచారమూ కూడా పెట్టారు. పీపా తాళంచెవి ఎప్పుడూ రాజుగారి మొలకే వేలాడేది. శుక్రవారం కొలువులో ఆయనే తాళం తీసి, ఆయనే పోసేవారు. గిన్నె బంగారుదై ఉండాలి. పడమటికి తిరిగి తాగాలి, ఆ వస్తువు అటు నుంచి వచ్చింది కనుక. రుచి ఏమిటో రాజుగారు పలికేదాకా ఎవరూ మూతి తుడుచుకోకూడదు. కొలువు ముగిశాక ఒక్కొక్కరికీ తలో చెంబుడు ప్రసాదమని ఇంటికి ఇచ్చి పంపేవారు.

కేదారయ్యగారిది కొలువులో చతురోక్తులు చెప్పే ఉద్యోగం. ఆయనకీ ఆ రుచి మీద సరదా ఉంది గానీ, అంత పెద్ద నాలిక కాదు. ఆదివారం సంతకి వెళ్ళి, కుండల్లో అమ్మే చవక ద్రాక్షకల్లు ఒక్కో గుక్కెడు రుచి చూసి రావడమే ఆయన విలాసం. ఓడ కళాసీలు అమ్మేది తాగితే కుడికన్ను దానంతట అదే మూసుకునేది. గుర్రపుశాల పక్కన దొరికేది తాటిబెల్లం పానకానికి చెల్లెలు. మరొకటి తాగితే నాలిక నేరేడుపండు తిన్నట్టు నల్లబడి, మర్నాడు కొలువులో నోరు విప్పకుండా ఊఁ కొట్టాల్సి వచ్చింది. వాటన్నిటిలోకీ కొండవాలున నూకాలమ్మ తోటలోది ఆయనకి నచ్చింది. మొదట పులుపు, తరవాత లేతవక్క నమిలినట్టు వగరు, మింగాక ఎక్కడో చిన్న తీపి. అంతకన్నా చెప్పడం ఆయనకి చేతకాదు. నచ్చితే "బాగుంది" అనేవారు, నచ్చకపోతే "ఇదీ ఒక కల్లే" అనేవారు.

ఆ శుక్రవారం కొత్త ఓడ మీద వచ్చిన పీపా తెరిచారు. రాజుగారు గుటక వేసి, కళ్ళు మూసుకుని, "చందనం" అన్నారు.

పక్కనే జటాధర పండితుడు ఉన్నాడు. రాజుగారి రుచులకి వ్యాఖ్యానం చెప్పడానికే జీతం పుచ్చుకునేవాడు. "చందనమే ప్రభూ. దాని వెనక తొలకరికి తడిసిన మట్టి. ఆ మట్టి వెనక ఒక దుఃఖం" అన్నాడు.

"దుఃఖం కూడానా" అని రాజుగారు మురిసిపోయి, ఇటు తిరిగారు. "కేదారయ్యా, నీకేం తోచింది?"

"బాగుంది ప్రభూ. మన కొండ మీద నూకాలమ్మ కుండలోదిలాగే ఉంది."

మెచ్చుకున్నాననే అనుకున్నారాయన. వింజామర వీచేవాడు మాత్రం చెయ్యి ఆపేశాడు.

"సంతలో ఎండుచేపల పక్కన పెట్టి అమ్మే కల్లుతో నా ఆసవానికి పోలికా?" అన్నారు రాజుగారు. గొంతు పెంచలేదు, అదే భయం. "చవగ్గా దొరికేదానికి రుచి ఉండదు. ఉన్నట్టు తోస్తే అది మోసం. అలాంటి మోసం నా రాజ్యంలో పండకూడదు. రేపు పొద్దుగూకేలోగా ఆ తోట వేళ్ళతో సహా పీకించి, ఆముదాలు చల్లించండి."

కేదారయ్యగారు ఇల్లు చేరిన కాసేపటికే నూకాలమ్మ వీధరుగు ముందుకి వచ్చింది. ఏడవలేదు. కొంగు నడుముకి బిగించి నిలబడింది.

"బాగుందని మెచ్చి నా కొంప తీశారు బాబయ్యా. థూ అని ఊసేసినా నా తోట నిలబడేది."

"రాజుగారిని బతిమాలతాను నూకాలూ."

"ఇంకేం మాటాడకండి బాబూ, మీ మాటలికే ఇంతైంది. ఆ తీగలు మా అత్త పాతింది. పీకడం ఒక పూట. మళ్ళీ పాతి కాపు చూసేదాకా నా పిల్లలు ఏం తింటారు? ఆముదాలు తింటారా?"

ఆ మాట అని వెళ్ళిపోయింది. అంతే, ఇక కేదారయ్యగారికి కాలు నిలవలేదు. ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు, లేచారు. చెప్పులు తొడుక్కున్నారు, విడిచారు. దొడ్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళారో మరిచి, మళ్ళీ వీధిలోకి వచ్చారు. ఆయన భార్య పేరిందేవమ్మగారు తులసికోటకి ప్రదక్షిణం చేస్తుంటే అడ్డం తగిలారు. ఆవిడ పక్కకి తప్పుకుని ప్రదక్షిణం సాగించారు. వెనక్కి వస్తూ మళ్ళీ అడ్డం తగిలారు.

"కాలుకాలిన పిల్లిలా అలా తిరిగితే తీగ నిలుస్తుందా? కాస్త కూర్చోండి."

"కూర్చుంటే గునపం చప్పుడు వినిపిస్తోందే."

"గునపాలు రేపు కదా. ఇవాళ్టికి నన్ను దేవుడికి దణ్ణం పెట్టుకోనివ్వండి."

ఆయన వెనకవసారాలోకి వెళ్ళారు. అక్కడ గోడవారన నూకాలమ్మ కుండ కనిపించింది. ఇక దొరకదు కదా అని మనసు చివుక్కుమంది. ఒక దొప్పలోకి ఒంపుకుని, మెల్లిగా తాగారు. మొహం చిట్లించారు.

"పాపం, ఈసారి కల్లు కూడా కుదరలేదు నూకాలుకి. వట్టి పులుపు. ఆ వగరు ఏదీ? నీళ్ళు కలిపిందో ఏమో."

పేరిందేవమ్మగారు గడపలో నిలబడి విన్నారు. "నూకాలుని ఎందుకండీ అంటారు? అది పొద్దున మీరు తెచ్చిన రాజుగారి ప్రసాదం. ఆ వస్తువు నా ఇత్తడి చెంబులో ఉంచుకుంటానా? ఖాళీ కుండ కనిపిస్తే అందులో పోసి, చెంబు చింతపండేసి తోముకున్నాను."

కేదారయ్యగారు దొప్పలోకి మళ్ళీ చూశారు. గోడకి చేరగిలబడి కూర్చున్నారు. తోట పీకమన్న మాట విన్నాక ఆయన కుదురుగా కూర్చున్నది అప్పుడే.

"అయితే నేనూ ఆ జటాధరుడి బాపతేనన్నమాట."

"అంత మాటెందుకు లెండి. మీకు దానికి జీతం లేదుగా."

దీపాలవేళకి ఆయన ఆ కుండే చేతపట్టుకుని కొలువువారి ఇళ్ళు తిరిగారు. పురోహితులుగారు రాజప్రసాదాన్ని కరివేపచెట్టు మొదట్లో పోయబోతున్నారు. సేనాపతిగారింట్లో దానితో గుర్రపు జీను తుడుస్తున్నారు. అంతా కొలువులో పడమటికి తిరిగి కళ్ళు అరమోడ్చేవాళ్ళే. "మాట బయట పెట్టకండి" అంటూ, బరువు దిగినట్టు ఇచ్చేశారు. కుండ నిండింది.

మర్నాడు కొలువులో కేదారయ్యగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ప్రభూ, నిన్న నోరు జారాను. తీగ నేనే దగ్గరుండి పీకిస్తాను. ఒక్కటే మనవి. ఊళ్ళో అమ్మే ద్రాక్షకల్లు ఒకటి కాదు. ఒకదాని బదులు ఇంకొకటి పీకితే పాపం. ఏది నీచమో తమ నాలికే తీర్పు చెప్పాలి. ఆ తీర్పు దండోరా వేయించాలి."

నాలికని మెచ్చుకుంటే రాజుగారు ఏదైనా ఒప్పుకుంటారు. నాలుగు కుండలు వరసగా పెట్టించారు. కేదారయ్యగారు పోయి నాలుగో కుండ పక్కన నిలబడ్డారు. ఒకసారి దాని మీద ఉత్తరీయం కొస కప్పారు, మళ్ళీ తీశారు. మెడ తుడుచుకున్నారు. రాజుగారు మొదటి కుండ దగ్గర ఉంటే ఈయన చూపు నాలుగోదాని మీదే.

మొదటిది రుచి చూసి "పానకం" అన్నారు రాజుగారు. రెండోది చూసి కుడికన్ను మూశారు. మూడోది కొంచెం ఎక్కువసేపు నోట్లో ఉంచుకున్నారు. "ఊఁ. కుండ వాసన తప్ప దీనికేం కాదు. పోనీండి" అన్నారు.

నాలుగోది నాలిక మీద పెట్టుకోకముందే కేదారయ్యగారి మొహంలోకి చూసి నవ్వారు. "నీ కళ్ళే చెబుతున్నాయి కేదారయ్యా. ఇదే కదూ నీ నూకాలమ్మది?"

"తమ నాలిక తీర్పు చెప్పాలి ప్రభూ. నా కళ్ళదేముంది?"

రాజుగారు పుక్కిలించి పళ్ళెంలో ఊశారు. "ఛీ. మనుషులు తాగేదేనా ఇది?"

జటాధర పండితుడు వేలు ముంచి నాకి, "గాడిదలు తాగే తొట్టి ప్రభూ. ఆ తొట్టి వెనక పాచి. ఆ పాచి వెనక" అని ఆలోచించి, "ఏమీ లేదు" అన్నాడు.

"ఈ కుండలోది ఏ తీగదో ఆ తీగని వేళ్ళతో పీకి, గోతిలో ఉప్పు పోయండి" అన్నారు రాజుగారు. ఆ మాట ఉన్నదున్నట్టు దండోరా వేశారు.

సాయంత్రం రాజుగారు మేడ మీదికి వెళ్ళారు. కొండవైపు చూస్తే తోట పచ్చగా అలాగే ఉంది. గునపం లేదు, మనిషి లేడు. అసహనంగా అటూ ఇటూ నడిచి, సముద్రంవైపు చూశారు. ఇసక మీద తోటపనివాళ్ళు బారుగా కూర్చున్నారు. గునపాలు ఒళ్ళో ఉన్నాయి. పక్కన సద్దిమూటలు, ఉప్పుబస్తా. అందరూ పడమటికి తిరిగి ఉన్నారు. వాళ్ళ వెనక కేదారయ్యగారు పచార్లు చేస్తున్నారు. ఆ చివర నూకాలమ్మ కూడా ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని.

అందరినీ ఉప్పుబస్తాతో సహా కొలువుకి పిలిపించారు.

"పొద్దు గూకుతోంది. తీగ పీకమంటే రేవులో కూర్చున్నారేం?"

"ఓడ కోసం ప్రభూ" అన్నారు కేదారయ్యగారు. "తమరు పీకమన్న తీగ సముద్రం అవతల ఉంది."

కొలువులో పురోహితులుగారికి పొలమారింది. సేనాపతిగారు పైకప్పు చూడసాగారు.

"నాలుగో కుండలోది తమ ఆసవమే. శుక్రవారం తమ మొలలో తాళంచెవితో తీసి, తమ చేత్తో పోసి, మాకు ప్రసాదమని ఇచ్చిందే. కుండ మాత్రం నూకాలమ్మది. తమరు పోనీండి అన్న మూడోది ఆవిడ కల్లు."

"రాజద్రోహం" అన్నాడు జటాధర పండితుడు.

"ఉండవయ్యా" అన్నారు రాజుగారు. ఆయన మొహం ఎర్రబడింది, చెయ్యి మొలలో తాళంచెవి తడుముతోంది. నూకాలమ్మ ఆ చేతినే చూస్తోంది. "నన్ను వెర్రివాణ్ణి చేశావా కేదారయ్యా?"

"ముందు నేనయ్యాను ప్రభూ. నిన్న మా వసారాలో ఇదే కుండలోంచి ఇదే ఆసవం తాగి, నీళ్ళు కలిపిందని నూకాలమ్మని ఆడిపోసుకున్నాను. నా నాలిక తప్పుకి నాకు సిగ్గేసి ఊరుకున్నాను. తమ నాలిక తప్పుకి ఒక తోట పోతుంది. రాజుగారి నాలిక కదా, బరువెక్కువ."

రాజుగారి చెయ్యి తాళంచెవిని వదిలింది. ముందు మీసం కదిలింది. తరవాత భుజాలు. ఉప్పుబస్తా మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "జటాధరా, ఇంతకీ ఆ దుఃఖం ఎవరిదయ్యా?" అన్నారు.

తోట జోలికి ఎవరూ పోకూడదన్నారు. వారం వారం కోటకి ఒక కుండ పంపమని నూకాలమ్మకి చెప్పి, చీరా సారె ఇప్పించారు. ఆవిడ పుచ్చుకుని, "నచ్చినా నచ్చకపోయినా పైకి అనకండి దొరా" అని దణ్ణం పెట్టింది. కేదారయ్యగారికి రాజుగారు తన చేతి కడియం తీసి తొడిగారు. ఆయన ఇల్లు చేరేలోపే కోట నుంచి ఒకేలాంటి రెండు కుండలు వచ్చాయి, వాటితో ఒక కబురూ వచ్చింది. ఒకదాంట్లో నా ఆసవం, ఒకదాంట్లో నూకాలమ్మది. ఏది ఏదో రేపు కొలువులో నువ్వు చెప్పాలి. తప్పితే కడియం వెనక్కి.

మర్నాడు ఉదయం పేరిందేవమ్మగారు స్నానం చేసి, తులసమ్మకి నీళ్ళు పోసి వచ్చేసరికి, కేదారయ్యగారు వసారాలో ఆ కుండల చుట్టూ తిరుగుతున్నారు. ఆవిడ మరిదిగారు ఎడమది రాజుగారిదన్నారు. తోడికోడలు వాసన చూసి కుడిదంది. ఇద్దరిదీ నిజమే అనిపిస్తోందని కేదారయ్యగారు మళ్ళీ ఒక చుట్టు తిరిగారు.

"తప్పుకోండి" అన్నారు పేరిందేవమ్మగారు. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండు కుండలూ ఒకదాని తరవాత ఒకటి పెద్దగూనలోకి ఒంపేశారు. గరిటె పెట్టి ఒకసారి కలిపారు.

"ఇది కోటకి పట్టుకెళ్ళండి. ఏది ఏదో రాజుగారినే చెప్పమనండి."

అన్నదమ్ములిద్దరూ గూనని కర్రకి కట్టి భుజాన వేసుకున్నారు. ఆవిడ గరిటెని చింతపండేసి తోమి, ఖాళీ కుండలు రెండూ కడిగి గోడవారన బోర్లించి, వంటింట్లోకి వెళ్ళారు.