బిడ్డను దాటించే గోడ

నడిగుంటపాడు వ్యాకులమాత గుడికి వచ్చే యాత్రికులు ముందుగా మాత స్వరూపం ఎదుట కొవ్వొత్తి వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, మోకరించి, ఆపైన గుడి వెనక్కి నడుస్తారు. నిజం చెప్పాలంటే చాలామంది వచ్చేది ఆ వెనక్కి నడవడానికే. అక్కడ సమాధుల దొడ్డి ఉంది. దొడ్డిని నిలువునా రెండుగా చీలుస్తూ నాపరాళ్ళు పేర్చిన గోడ ఉంది. ఆ గోడకు నడుము ఎత్తున ఒక గండి ఉంది. అందులోంచి మనిషి దూరలేడు. చంటిబిడ్డను మాత్రం అటునుంచి ఇటు అందించవచ్చు.

ఆ గండికి చట్రం లేదు, తలుపు లేదు. చలువరాయి బిగించి కింద తమ పేరు చెక్కించుకుంటామని వచ్చిన దాతలు ఇప్పటికి ఎందరో ఉన్నారు. గుడి బాధ్యత చూసే విచారణ గురువులు వారికి మజ్జిగ ఇచ్చి పంపుతారు. గండి కింద ఇవతలి వైపున, పేరు చెక్కని నల్లని బండ ఒకటి నేలలో పరచి ఉంటుంది. కొత్తవారు అది సమాధి అని తెలిసి కాలు వెనక్కి తీస్తారు. తీయనవసరం లేదు. దాని మీదే నిలబడాలి. కింద ఉన్నామె కోరుకున్నది అదే.

పూర్వం ఇక్కడ గోడకు గండి లేదు. ఇవతల పెద్దిళ్ళవారి రాతి సమాధులు, అవతల పేటలోని కూలివారి మట్టి దిబ్బలు ఉండేవి. మోక్షంలో మనమంతా ఒక్క తండ్రి బిడ్డలమని గుడిలో గొంతెత్తి పాడి, పాట కాగానే బయటికి వచ్చి చచ్చినవాళ్ళ మధ్య గోడ కట్టిన ఘనులు మన పెద్దలు. ఆ గోడ కట్టించిన ఇంటికి కోడలై వచ్చినామె శౌరమ్మ. పెనిమిటి మర్రెడ్డి. మిరపచేలు, పత్తిచేలు, రెండు మిద్దెలు, గుడిలో మొదటి వరస. ఇన్ని ఉన్నా కడుపు పండక ఆమె వ్యాకులమాతకు మొక్కని మొక్కు లేదు. చివరికి ఒక మగబిడ్డ పుట్టాడు. జోజి అని పేరు పెట్టి జ్ఞానస్నానం ఇప్పించారు. బిడ్డ పుట్టాడు గాని తల్లికి పాలు పడలేదు.

పేటలో ఆరోగ్యమ్మ అనే ఆమె ఉండేది. మొగుడు పోయాడు. పురిట్లోనే బిడ్డా పోయింది. పాలు గడ్డకట్టి సలుపుతుంటే ఏడుస్తున్న ఆమెను మర్రెడ్డి పిలిపించాడు. ఆమె రోజూ వెనక వాకిలి నుంచి వచ్చి, వెనక వసారాలో కూర్చుని, జోజికి పాలిచ్చి, అక్కడే పెట్టింది తిని, అక్కడినుంచే వెళ్ళిపోయేది. మొదట్లో శౌరమ్మ ఆమెను దేవుడే పంపాడన్నది. పాత చీర ఇచ్చింది, నూనె ఇచ్చింది. ఆ మాట మీద ఆమె ఉండి ఉంటే ఈ క్షేత్రమూ ఉండేది కాదు, యాత్రికుల కోసం వేసిన ఈ పుస్తకమూ ఉండేది కాదు.

బిడ్డ మనుషులను గుర్తుపట్టే వయసుకు వచ్చాడు. పట్టుచీర కట్టిన భుజం మీద గుక్కపెట్టి ఏడ్చేవాడు, చిరుగుల చీర వాసన తగలగానే ఊరుకునేవాడు. శౌరమ్మ వాడికి బంగారు మొలతాడు కట్టింది. వెండి గిలక తెప్పించింది. ఆరోగ్యమ్మ వెళ్ళగానే ఆ వాసన పోయేదాకా నలుగుపెట్టి నీళ్ళు పోసేది. ఎన్ని చేసినా వాడి చూపు వెనక వాకిలి మీదే. ఒక రోజు అది చూసి మర్రెడ్డి నవ్వుతూ, "పాలిచ్చినామె దగ్గరకు పోకుండా నగలు పెట్టినామె దగ్గరకు వస్తాడటే?" అన్నాడు. సరదాకే అన్నాడు. శౌరమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆరోగ్యమ్మకు ఒక అలవాటు ఉండేది. పాలిచ్చి బిడ్డను తల్లి చేతికి అందిస్తూ, "మిమ్మల్నే చూస్తన్నాడమ్మా" అనేది. బిడ్డ చూపు మాత్రం ఆరోగ్యమ్మ ముఖం మీదే ఉండేది. శౌరమ్మకు ఒళ్ళు మండిపోయేది. కూలిది ఎగతాళి చేస్తున్నదనుకునేది. నా తిండి తిని, నా వసారాలో కూర్చుని, నా కొడుకును తనవాణ్ణి చేసుకున్నది చాలక పైగా ఈ మాట అంటుందా అని పళ్ళు కొరికేది. ఊళ్ళో అందరికన్నా ఉన్న మనిషి, ఏమీ లేని మనిషిని చూసి కుళ్ళిపోయింది. ఆ కుళ్ళుకు మందు లేదు. ఎందుకంటే ఆరోగ్యమ్మ దగ్గర లాక్కోవడానికి ఇంకేమీ లేదు.

పాలు మాన్పించే రోజులు ఇంకా రాకముందే శౌరమ్మ ఆమెను పిలిచింది.

"రేపొచ్చేటప్పుడు వేపాకు నూరి పట్టించుకుని రా. వాడంతట వాడే మానతాడు."

"పసోడమ్మా. ఇంకా దేనికీ అలవాటు పడలా."

"చెప్పింది చెయ్యి."

ఆరోగ్యమ్మ చెప్పినట్టే చేసింది. జోజి నోరు పెట్టాడు, ముఖం చిట్లించాడు, ఏడ్చాడు. శౌరమ్మ గుమ్మంలో నిలబడి చేతులు చాపింది. బిడ్డ ఆ చేతుల వంక చూడలేదు. ఏడుస్తూనే మళ్ళీ నోరు పెట్టి ఆ చేదంతా తాగేశాడు. ఆరోగ్యమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. శౌరమ్మ వచ్చి బిడ్డను ఊడబెరుక్కుని, "ఇక నువ్వు ఈ గడప తొక్కబాక" అన్నది.

తర్వాత జోజి ఆవుపాలు తాగలేదు, మేకపాలు తాగలేదు, జావ ముట్టలేదు. జ్వరం వచ్చింది. ఆరోగ్యమ్మ వెనక వాకిలి బయట నిలబడి, "ఊరికే, ఒక్కసారి ఎత్తుకొని ఇచ్చేత్తానమ్మా" అని బతిమాలింది. ఆ గొంతు వినపడి బిడ్డ తల తిప్పాడు. తల తిప్పినందుకే శౌరమ్మ తలుపు గడియ పెట్టించింది. జోజి దక్కలేదు.

గోడకు ఇవతల, గోడ పక్కనే, వాడికి తెల్లరాతి సమాధి కట్టించారు. పూడ్చేటప్పుడు అవతలి నుంచి ఎవరో గోడ మీద చేతులు ఆనించి ఏడవడం వినిపించింది. ఎవరో అందరికీ తెలుసు. కొంతకాలానికి పేటలో విషజ్వరాలు వచ్చి ఆరోగ్యమ్మ కూడా చనిపోయింది. పోయేముందు ఒకటే అడిగిందట, గోడ దగ్గర పెట్టమని. పేటవారు ఆమెను గోడకు అవతల, జోజి సమాధికి సరిగ్గా ఎదురుగా పూడ్చారు.

ఆ సంగతి తెలిసిన రోజున శౌరమ్మ పడిన బాధ కొడుకు పోయిన నాడు కూడా పడలేదంటారు. తనకోసం ఉంచిన చోటు మామగారి సమాధి అవతల, మర్రెడ్డికి ఉంచిన చోటు పక్కన. ఆరోగ్యమ్మకూ జోజికీ నడుమ ఉన్నది ఒక్క రాయి మందం. చచ్చి కూడా నా కొడుకు పక్కన పడుకున్నదే అని ఆమె గుండె బాదుకుంది. ఆ దిబ్బను తవ్వి వేరేచోటికి మార్చమని విచారణ గురువులను అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, "అమ్మా, ఆమె ఆత్మ కోసం ఒక జపం చెప్పు, నీకు శాంతి కలుగుతుంది" అన్నారు. జపం మాట దేవుడెరుగు, శౌరమ్మ మర్నాడే మనుషులను పెట్టించి ఆ గోడకు రెండో వరస రాళ్ళు పేర్పించింది. ఇద్దరు చనిపోయినవాళ్ళు కలుసుకోకుండా గోడ మందం పెంచిన మనిషి లోకంలో ఇంకెవరైనా ఉన్నారేమో మాకు తెలియదు.

చనిపోయినవారిని తలచుకునే ఆత్మల పండుగ ముందురోజు మధ్యాహ్నం ఆమె కొడుకు సమాధికి సున్నం వేయించడానికి వచ్చింది. పనివాళ్ళు అన్నానికి వెళ్ళారు. ఆమె సమాధికి ఆనుకుని కూర్చున్న చోటనే కునుకు తీసింది. అప్పుడు కల వచ్చింది.

ధనవంతులకూ పేదలకూ నడుమ అవతలి లోకంలో పెద్ద అగాధం ఉంటుందని గుడిలో ఏటా వింటున్న మాటే. ఆ అగాధం ఒడ్డున తాను నిలబడి ఉంది. చేతిలో బంగారు మొలతాడు. అవతలి ఒడ్డున పందిరి పట్టెమంచం, తన మంచమే. దాని మీద ఆరోగ్యమ్మ కూర్చుని ఉంది. ఒడిలో జోజి ఆమె కొంగు నములుతూ ఆడుకుంటున్నాడు. శౌరమ్మ పేరుపెట్టి పిలిచింది. కొత్తవాళ్ళను చూసిన పిల్లలు చేసేటట్టు వాడు ముఖం తిప్పి ఆరోగ్యమ్మ రొమ్ములో దాచుకున్నాడు.

"అక్కడ కూడా నీకేనా? వాణ్ణి నాకియ్యి!" అని శౌరమ్మ అరిచింది.

"నేను పట్టుకోలేదమ్మా. చేతులు చాపండి, వత్తాడు. మద్దెన గోడుంది."

చూస్తే అగాధం లేదు. తాను పేర్పించిన నాపరాళ్ళే ఉన్నాయి.

"దాన్ని నువ్వే తియ్యి."

"కట్టినోళ్ళే తియ్యాలంటమ్మా. మా వైపు నించి రాదంట."

"ఎంత తియ్యాలి?"

"బిడ్డ పట్టేంత."

మెలకువ వచ్చేసరికి శౌరమ్మ లేచి నిలబడి ఉంది. ఇక్కడ కొందరు బోధకులు ఆమెకు పశ్చాత్తాపం కలిగిందని, కన్నీటితో మోకరించిందని చెబుతుంటారు. మా పెద్దలు చెప్పింది అది కాదు. ఆమెకు కలిగింది మండిపోయే అసూయే. గండి పడితే కొడుకు ఇవతలికి వస్తాడు, ఆరోగ్యమ్మ ఒడి ఖాళీ అవుతుంది, అంతే ఆమె ఆలోచన. ఆ అసూయ పట్టుకుని పనివాళ్ళు వదిలిన గడ్డపార తీసింది. ఎప్పుడూ బరువు పని ఎరగని చేతులతో రాళ్ళు పెళ్ళగించింది. గోళ్ళు చిట్లాయి. ఒక వరస ఊడింది. రెండో వరసా ఊడింది. వెలుతురు కనబడగానే చేతులు రెండూ గండిలోంచి అవతలికి చాపింది.

అవతల పేటవాళ్ళు పండుగకని తమవాళ్ళ దిబ్బల మీద గడ్డి పీకుతున్నారు. అందరికన్నా దగ్గరలో సిలువమ్మ అనే పడుచు, చంకలో బిడ్డతో ఉంది. గోడలోంచి రక్తం కారే చేతులు రావడం చూసి ఆమె బిత్తరపోయింది. వంగి చూస్తే పెద్దింటి దొరసాని.

"ఏం గావాలమ్మా?"

"బిడ్డను ఇట్టా ఇయ్యి."

"ఎందుకమ్మా?"

"ఊరికే. ఒక్కసారి ఎత్తుకొని ఇచ్చేస్తా."

ఆ మాట తన నోట వచ్చాక గానీ అది ఎవరి మాటో శౌరమ్మకు తట్టలేదు. సిలువమ్మ జంకుతూనే బిడ్డను అందించింది. ఆ పిల్లవాడు ఏడవలేదు. శౌరమ్మ మెడలోని గొలుసు రెండు చేతులా పట్టుకుని కిలకిల నవ్వాడు. ఎన్నాళ్ళకో ఒక బిడ్డ ఆమె చేతుల్లో నవ్వాడు. ఆ సంతోషంతో తల ఎత్తి గండిలోంచి చూసింది.

సిలువమ్మ పెదాలు నవ్వుతున్నాయి, ముఖం మాత్రం నల్లబడింది. ఖాళీ చేతులు ఇంకా గండిలోనే ఉన్నాయి. నా బిడ్డ అప్పుడే నన్ను మరిచాడా అని ఆ కళ్ళు అడుగుతున్నాయి. శౌరమ్మకు ఆ చూపు కొత్త కాదు. వెనక వసారా గుమ్మంలో నిలబడి తాను రోజూ చూసిన చూపు అదే. అయ్యో, దీనికీ అంత మంట పుడుతున్నదే అనుకుంది. వెంటనే బిడ్డను గండిలోంచి తిరిగి ఇస్తూ, "నిన్నే చూస్తున్నాడే, తల్లీ" అన్నది.

అది అబద్ధం. వాడు గొలుసును చూస్తున్నాడు. అయినా సిలువమ్మ ముఖం విప్పారింది.

అప్పుడు శౌరమ్మ నేల మీద కూలబడింది. ఆరోగ్యమ్మ ఏ ఒక్క రోజూ ఎగతాళి చేయలేదు. బిడ్డ ఎవరిని చూస్తున్నాడో ఆమెకు తెలుసు. తెలిసే ఆ అబద్ధం చెప్పింది. పేదరాలు దొరసానికి రోజూ వేసిన భిక్ష అది. పుచ్చుకున్నామెకు భిక్ష అని కూడా తెలియలేదు. గోడ అవతల ఉన్న దిబ్బ వైపు తిరిగి శౌరమ్మ ఏడ్చిన ఏడుపుకు రెండు వైపుల జనమూ చేరారు.

ఊరి పెద్దలు గండి మూయించాలన్నారు. "నన్ను దాని కింద పూడ్చి, ఆ తర్వాత మూయండి" అని ఆమె అక్కడే కూర్చున్నది. ఎవరూ మూయలేదు. ఆనాటి నుంచి ఏటా ఆత్మల పండుగకు ఆమె గండి దగ్గర నిలబడి, అవతలి తల్లులు ఇచ్చిన బిడ్డలను ఎత్తుకుని, ఆ మాట చెప్పి తిరిగి ఇచ్చేది. ఆమె అసూయ పూర్తిగా పోయిందని మాత్రం ఎవరూ అనరు. ముసలితనంలో కూడా, బిడ్డ తల్లి చేతిలోకి దూకితే కాస్త ముఖం ముడుచుకునేదట. ముడుచుకున్న ముఖంతోనే ఆ మాట అనేది. పోయినప్పుడు కోరిన చోటనే, జోజి సమాధి పక్కన, పేరు లేని ఆ నల్లని బండ కింద పూడ్చారు. మోక్షంలో ఇప్పుడు జోజి ఎవరి ఒడిలో ఉన్నాడని ఊరివాళ్ళూ పేటవాళ్ళూ నేటికీ వాదించుకుంటారు. ఆ వాదనలో కూడా అసూయే ఉంది, దేవుడు క్షమించుగాక.

నేటికీ ఆత్మల పండుగనాడు పూజ ముగియగానే తల్లులు గోడకు రెండు వైపులా నిలబడతారు. కారులో వచ్చినవారూ, ఆటోలో వచ్చినవారూ ఒకే వరసలో రావాలి. బిడ్డను గండిలోంచి అవతలి ఆమెకు అందించాలి. ఆమె ఊరు, ఇంటిపేరు అడగరాదు. ఆమె పరలోక జపం చెప్పేంతసేపు బిడ్డ ఆమెదే. బిడ్డ ఆమె దగ్గర నవ్వితే మీ కడుపులో మంట పుడుతుంది. పుట్టనివ్వండి. ఈ గోడ దగ్గర మాతకు చెల్లించే కానుక అదే, హుండీ ఇక్కడ లేదు. తిరిగి ఇచ్చేటప్పుడు, బిడ్డ ఎటు చూస్తున్నా సరే, అవతలి ఆమె ఆ మాట అనాలి. ఇలా దాటించిన బిడ్డలు చల్లగా ఉంటారని, ఆ ఇళ్ళలో తోడికోడళ్ళ పోరు తగ్గుతుందని భక్తుల విశ్వాసం.

బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు కూడా వస్తారు. వారు వరస చివర నిలబడి, బండ మీద కాళ్ళు పెట్టి, ఖాళీ చేతులను గండిలోంచి చాపుతారు. అవతల ఎవరు ఉంటే వారు, పని ఉన్నా, బస్సు తప్పిపోతున్నా, ఆగి ఆ చేతులు పట్టుకోవాలి. పట్టుకుని, పరలోక జపం చెప్పి, వదిలేముందు తప్పకుండా అనాలి:

"నీ బిడ్డ నిన్నే చూస్తున్నాడు, తల్లీ."