రెండో బౌన్స్

"దెబ్బ మానింది గానీ భయం మానలేదు సార్. ఏం చెయ్యాలి?" అని నీలవేణి అడిగింది.

పదమూడేళ్ల ఆ పిల్ల కనుబొమ్మ మీద కుట్లు విప్పి వారమైంది. మర్నాడు జిల్లా జూనియర్ క్రికెట్ జట్టు ఎంపిక. రాలేనని కోచ్ మస్తాన్‌వలి సార్‌కి చెప్పి వెళ్లిపోదామనే వచ్చింది.

బంతి దెబ్బ తగిలాక ఆమె ఫీల్డింగులో నాలుగడుగులు వెనక్కి నిలబడటం అలవాటు చేసుకుంది. అయినా బంతి దగ్గరికొచ్చేసరికి మొహం దానంతటదే పక్కకు తిరిగిపోయేది. కీపర్ రేష్మా ఊరుకునే రకం కాదు. మన జట్టులో బంతికి దారిచ్చే మర్యాదస్తురాలు నీలవేణి ఒక్కతే అనేది.

సార్ బ్యాటు ఆమె చేతికిచ్చి, నేల మీదుగా తనవైపే గట్టిగా కొట్టమన్నారు. అరవై దాటిన మనిషి. కంకర తేలిన మైదానం. తనకు తగిలినప్పుడు ఏడ్చి ఊరుకుంది, ఆయనకు తగిలితే? అనుకుంది నీలవేణి.

సరిగ్గా ఆమె రోజూ నిలబడేంత దూరంలోనే ఆయన నిలబడ్డారు. ఆమె కొట్టిన బంతి నేలను తాకి సజావుగానే లేచింది. రెండోసారి తాకినప్పుడు ఏ రాయి అడ్డొచ్చిందో, పాములా తలెత్తి ఆయన మెడ కింది ఎముకను కొట్టింది. నీలవేణి బ్యాటు వదిలేసింది. ఆయన చేత్తో రుద్దుకుని మళ్లీ కొట్టమన్నారు. వద్దు సార్ అంది. కొట్టమన్నారు.

ఈసారి బంతి బ్యాటును వదలగానే ఆయన దానికి ఎదురు పరిగెత్తారు. నేరుగా మొహానికే తగులుతుందని ఆమె అనుకుంది. మొదటిసారి నేలను తాకి అప్పుడే లేస్తున్న బంతి మీదికి వంగి, రెండు చేతులా అందుకున్నారు. తెచ్చి ఇస్తున్నప్పుడు చూసింది, ఆయన వేళ్లు వణుకుతున్నాయి.

తర్వాత ఆమె వంతు. సార్ బ్యాటెత్తగానే నీలవేణి కాళ్లు వెనక్కి లాగాయి. వెనక్కి వెళితే ఎదురయ్యేది ఆ రెండో బౌన్సే. కళ్లు మూతపడబోతుంటే బలవంతంగా తెరుచుకుని ముందుకు ఉరికింది. బంతి అరచేతుల్లో ఫట్‌మని పడి, మండించి, అక్కడే ఆగింది.

రేపు రానని చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. వేరే మాట బయటికొచ్చింది.

"ఇందాక మీకూ భయమేసిందా సార్?"

"వేసిందమ్మా," అన్నారాయన మెడ కింద తడుముకుంటూ. "అందుకేగా ముందుకొచ్చింది."