పూజ లేని ఇంటి పిల్ల

పూర్వం కొండల నడుమ ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ప్రచండవర్మకు తన భక్తి గురించి మహా గొప్ప. "మా ఏలుబడిలో భక్తి లేని ఇల్లు ఒక్కటీ లేదు" అని కోట వాకిట రాతిమీద చెక్కించి, వచ్చేపోయే వాళ్లందరి చేతా చదివించేవాడు.

ఆయన కొలువులోనే వల్లభన్న అనే మాటకారి ఉండేవాడు. అతనికీ, భార్య కామసానికీ దేవుడి మీద నమ్మకం లేదు. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు, ఎవరితోనూ వాదించలేదు. చిక్కల్లా కూతురు మైలమకు ఏడేళ్లు నిండాక వచ్చింది. ఊళ్లో ఉన్నది మఠం వారి బడి ఒక్కటే. పూజ చేసే ఇళ్ల పిల్లలకే అందులో చోటు.

"గురువుగారు అడిగితే రోజూ ఇంట్లో దీపం పెడతామని చెప్పు తల్లీ," అని నేర్పాడు వల్లభన్న.

"పిల్లకు అబద్ధం నేర్పుతున్నారా?" అంది కామసాని.

"నాలుగు అక్షరాలు వచ్చేదాకానే," అన్నాడతను.

మూడు నెలలు గడిచాయి. మైలమ చక్కగా చదువుతోంది. ఒకనాడు గురువు, "మీ ఇంట దీపం ఏ దేవుడి ముందు పెడతారమ్మా?" అని అడిగాడు. నాన్న అది నేర్పలేదు. పిల్ల నీళ్లు నమిలింది. మర్నాడే గురువు ఆమెను వెంటబెట్టుకుని కొలువుకు వచ్చి ఫిర్యాదు చేశాడు.

రాజు మీసం దువ్వాడు. "ఏమయ్యా వల్లభన్నా! నా ఉప్పు తింటూ నాస్తికుడివా? రేపటినుంచి నీ కూతురికి బడి లేదు. ఏం మాట్లాడతావో మాట్లాడు, చూస్తాను."

వల్లభన్న చేతులు కట్టుకున్నాడు. "చిత్తం ప్రభూ. ముందు ఒక శిల్పిని పిలిపించండి."

"శిల్పి ఎందుకు?"

"కోట వాకిట శాసనం దిద్దడానికి. 'వల్లభన్న ఇల్లు తప్ప' అని చేర్చాలి కదా! కాదు, శాసనమే నిజమంటారా, అప్పుడు మాదీ భక్తి ఉన్న ఇల్లే. మరి పిల్లను బడి మాన్పించడం ఎందుకు?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు గుర్రుగా చూసి చూసి, ఆఖరికి తానే పగలబడి నవ్వాడు. "దొరకవయ్యా నువ్వు!" అని పిల్లవైపు తిరిగాడు. "బడికి ఢోకా లేదు గానీ, నిజం చెప్పమ్మా. మీ ఇంట పూజ ఉందా, లేదా?"

మైలమ రాజువైపు చూడలేదు. ఏం చెప్పమంటావన్నట్టు తండ్రి మొహంలోకి చూసింది.

అంతవరకు హుషారుగా ఉన్న వల్లభన్న కట్టుకున్న చేతులు విప్పి, పిల్ల పక్కకు వచ్చాడు. "ఉన్నదే చెప్పు తల్లీ," అన్నాడు.

"లేదండీ," అంది పిల్ల.

రాజు మళ్లీ నవ్వాడు. ఇంటి పూజల సంగతి బడిలో ఏ పిల్లనూ అడగరాదని ఆజ్ఞ ఇచ్చి, వల్లభన్నకు శాలువా కప్పాడు.

ఇంటికి రాగానే అతను శాలువా తీసి పక్కన పెట్టాడు. "నువ్వు అన్నప్పుడే వినాల్సింది కామసానీ," అన్నాడు. "ఈ మాటలేవో మొదటిరోజే రాజుగారి దగ్గర ఆడి ఉంటే పోయేది."

మైలమ చదువు సాగింది. తోటివాళ్లందరికన్నా ముందే కావ్యాలు పట్టింది. కానీ చాలాకాలం దాకా, "అన్నం తిన్నావా తల్లీ?" అని అడిగినా, ముందు తండ్రి మొహం చూసి, ఆ తర్వాతే జవాబు చెప్పేది.