కలవని పసుపు గీత

అనగనగా ఒక ఏరు, ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో కోడి కూయడానికి బద్ధకించినా తరిమెనలు మాత్రం పొద్దున్నే మోగేవి.

తరిమెన అంటే ఏమిటంటారా? కర్రమొద్దును రెండు మేకుల నడుమ బిగిస్తారు. దానికి తాడు చుట్టి ఒకరు ఇటూ అటూ లాగుతుంటే మొద్దు గిరగిరా తిరుగుతుంది. రెండోవారు ఉలి ఆనిస్తే పొట్టు రాలిపోయి గిన్నె బయటపడుతుంది. తిరిగే గిన్నెకు రంగు లక్క అద్ది, మొగలి ఆకుతో రుద్దితే మొహం చూసుకోవచ్చు. ఇద్దరి పని అది. కానీ లోకం తీరు తెలిసిందేగా, ఉలి పట్టినవాడికి పేరు వస్తుంది, తాడు లాగినవారి వంక ఎవరూ చూడరు.

అందుకే ఆ ఊరి పెద్దలు ఒక ఆచారం పెట్టారు. గిన్నె అడుగున చివరి రంగు గీత గీసే హక్కు తాడు లాగిన మనిషిది. ఆ ఒక్క గీతకు ఉలివాడే తాడు అందుకుని లాగాలి. గీత ఉందంటే, ఈ చెక్కలో లోపం లేదని తాడు లాగిన చెయ్యి మాట ఇచ్చినట్టు. గీత లేని గిన్నెను ఎవరూ ముట్టుకోరు.

ఆ ఊళ్ళో పైడయ్య ఉలి పట్టేవాడు. అతని అక్క వరహాలమ్మ తాడు లాగేది. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. తాడు ఒరుసుకుని ఆమె అరచేతులు కాయలు కాశాయి. ఊళ్ళో ఒక్కొక్కరి గీతది ఒక్కో రంగు, ఆమెది పసుపు గీత. ఆ గీత చూస్తే సంతలో ఎవరూ బేరమాడేవారు కాదు.

ఒకనాడు రాణిగారి నుంచి కబురు వచ్చింది. "మా అబ్బాయి పెళ్ళికి వియ్యాలవారికి గంధం ఇవ్వాలి. ఇంతవరకు ఎవరూ చూడనంత పెద్ద గంధపు గిన్నె కావాలి."

పైడయ్య పొంగిపోయాడు. కానీ కర్ర అన్నది కొట్టగానే పనికి రాదు. ఒక వాన, ఒక చలి, ఒక ఎండ నీడపట్టున చూడాలి. గిన్నెలకు వాడే అంకుడు కర్రలో అంత పెద్ద మొద్దు ఇంట్లో ఒక్కటే ఉంది, అదీ ఆ సంవత్సరం వానల్లోనే కొట్టినది.

వరహాలమ్మ మొద్దు మీద చెయ్యి వేసి, "ఇది ఇంకా తడిగా ఉందిరా" అంది.

"పైపైన తడిలే అక్కా" అన్నాడు పైడయ్య.

తిప్పుతుండగా ఆమె తాడు ఆపేసింది. "తాడు వణుకుతోంది. లోపల చెక్క విడుతోందిరా."

"ముడి తగిలి ఉంటుంది, లాగు" అన్నాడు.

గిన్నె రూపు కట్టాక అడుగున వెంట్రుకంత పగులు కనిపించింది. పైడయ్య పొట్టు, లక్క కలిపి అందులో కూరి, ఎర్రరంగు అద్ది, మొగలి ఆకుతో రుద్దాడు. పగులు మాయమైంది. అప్పుడు పసుపు లక్క కడ్డీ తీసి అక్క చేతికి ఇవ్వబోయాడు.

వరహాలమ్మ చెయ్యి చాచలేదు. "ఇది గంధం గిన్నె కాదు పైడీ, అబద్ధం గిన్నె. నేను గియ్యను" అని కడవ తీసుకుని ఏటికి వెళ్ళిపోయింది.

పైడయ్య గుమ్మం వంక చూశాడు. ఎవరూ లేరు. ఒక చేత్తో తాడు లాగుతూ, రెండో చేత్తో పసుపు లక్క అద్దాడు. గిన్నె కుదురుగా తిరగక, గీత చుట్టూ తిరిగి వచ్చింది గానీ రెండు కొసలు కలవలేదు. గిన్నె అడుగు ఎవరు చూస్తారులే అనుకున్నాడు. మర్నాడు గిన్నె అప్పగించి, రాణిగారు కప్పిన శాలువాతో ఊరంతా తిరిగాడు.

పెళ్ళినాడు నిండు పందిట్లో గంధం తడికి గిన్నె టప్పున విచ్చింది. గంధమంతా పెళ్ళికూతురి తండ్రి తెల్లని ఉత్తరీయం మీద ఒలికింది. వియ్యాలవారు మొహాలు ముడుచుకున్నారు. రాణిగారు పైడయ్యను పిలిపించారు.

"ఎండకు విచ్చి ఉంటుంది తల్లీ" అన్నాడు పైడయ్య.

"పందిట్లో ఎండ ఎక్కడిది?"

"గంధం పల్చగా తీశారేమో."

"గంధపు గిన్నెలో గంధం కాక గులకరాళ్ళు పోస్తామా?"

"తాడు కుదుపుగా లాగింది తల్లీ, మా అక్క" అనేశాడు పైడయ్య.

వరహాలమ్మను రప్పించారు. రాణిగారు పగిలిన గిన్నె ఆమె చేతిలో పెట్టి, "ఈ గీత నీదేనా?" అని అడిగారు.

ఆమె గిన్నె తిరగేసి గీత మీద బొటనవేలు తిప్పింది. కొసలు కలవని చోట వేలు ఆగింది. తలెత్తి తమ్ముడి వంక చూసింది. పైడయ్య నేల చూపులు చూశాడు.

"రంగు నాదే తల్లీ" అని మాత్రం అంది.

"అయితే ఇకమీదట నువ్వు తాడు ముట్టరాదు" అన్నారు రాణిగారు.

పైడయ్య పొరుగు మనిషిని తాడుకు పెట్టుకున్నాడు. పని సాగింది గానీ మనసు సాగలేదు. వరహాలమ్మ పల్లెత్తు మాట అనలేదు. ఎప్పటిలాగే అన్నం వడ్డించేది. ఊరికే కూర్చున్నప్పుడు మాత్రం ఆమె చేతులు కొంగు అంచును ఇటూ అటూ లాగుతుండేవి, తాడు లాగినట్టు. అది చూస్తే పైడయ్యకు ముద్ద దిగేది కాదు.

సంతలో గాజులమ్మే ఆమె గిన్నె తిరగేసి, "వరహాలమ్మ పసుపు గీత ఏదీ?" అంది. పైడయ్య మాట మార్చాడు. బండివాడు అడిగితే లేచి పక్కకు వెళ్ళాడు. ఒకనాడు వాకిట్లో ఒక చిన్నపిల్ల, "పెద్దమ్మా, రాణిగారి గిన్నె పగలడం నీ వల్లేనట కదా?" అంది. వరహాలమ్మ పిల్ల తల నిమిరింది. లోపల ఉలి పట్టుకుని ఉన్న పైడయ్య ఆ మాట విన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గు మోస్తూ ఇంక ఒక్క గిన్నె కూడా తిప్పలేకపోయాడు.

శాలువా చంకన పెట్టుకుని కొలువుకు వెళ్ళాడు. వియ్యాలవారు అక్కడే ఉన్నారు. అందరి ఎదుటా శాలువా కింద పెట్టాడు.

"తల్లీ, పచ్చికర్రతో చేసింది నేను. పగులు పూడ్చింది నేను. మా అక్క గియ్యనంటే ఆమె రంగు దొంగిలించి గీసింది నేను. ఇద్దరు కలిసి గీస్తే కొసలు కలుస్తాయి. గిన్నె తెప్పించి చూడండి."

గిన్నె తెచ్చారు. కొసలు కలవలేదు. పైడయ్య తల ఎత్తలేకపోయాడు.

రాణిగారు వరహాలమ్మను పిలిపించి, "ఆనాడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"వాడు చెబుతాడని చూశాను తల్లీ" అంది వరహాలమ్మ.

పైడయ్య పసివాడిలా ఏడ్చాడు.

రాణిగారు శాలువా తీయించి వరహాలమ్మకు కప్పారు. "ఇక నుంచి ఉలి నీది. తాడు వాడిది" అన్నారు.

ఆనాటి నుంచి పైడయ్య తాడు లాగాడు. ఒక రోజు అతని అరచేతిలో సన్నని వణుకు తగిలింది. "ఆపు అక్కా, ఇది విడుతోంది" అన్నాడు.

"ఉలి పట్టిన నాకేమీ తెలియలేదురా" అంది వరహాలమ్మ.

పైడయ్య తన చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

మంచి కర్రతో గిన్నె పూర్తయ్యాక ఆమె తాడు అందుకుని, "ఏ రంగురా నీ గీత?" అంది.

"నాకు రంగు వద్దక్కా."

"గీత లేకపోతే మాట ఉండదు. గియ్యి."

పైడయ్య రంగు కలపని ముడి లక్క అద్దాడు. గీత పరికించి చూస్తే గానీ కనపడదు, కానీ కొసలు కలిశాయి. బతికినన్నాళ్ళూ అతని గీత అదే.

తప్పు ఒప్పుకుంటే ఒకనాటి సిగ్గు, తనవారి మీదికి నెడితే నూరేళ్ళ సిగ్గు.